క్షౌర నురుగు

నిర్వచనం

గడ్డం గీసుకునే ముందు వెంట్రుకలనూ చర్మాన్నీ తడిగా, జారుడుగా ఉంచడానికి సబ్బును గానీ క్రీమును గానీ నీటితో కలిపి, బ్రష్షుతో తిప్పి తయారుచేసే చిక్కని నురుగును క్షౌర నురుగు అంటారు. వాడుకలో గడ్డం నురగ, షేవింగ్ నురగ అన్న మాటలు ఉన్నాయి. శాస్త్ర పరిభాషలో ఇది ఒక కొల్లాయిడ్ వ్యవస్థ: సబ్బు ద్రావణం నిండా సన్నని గాలి బుడగలు చెదిరి ఉంటాయి. ఒళ్లు రుద్దుకునే సబ్బు నురుగు మురికిని వదిలించి నీళ్లతోపాటు కారిపోతే దాని పని పూర్తయినట్టే. గడ్డం నురుగు కారిపోకూడదు. కత్తి నడిచినంతసేపూ చెంప మీదే నిలిచి, తనలోని నీటిని వెంట్రుకకు అందిస్తూ ఉండాలి. గడ్డం సబ్బుల కూర్పులోనూ, వాటిని వాడే తీరులోనూ కనిపించే ప్రత్యేకతల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క అవసరం నుంచి పుట్టినవే.

నురుగు చేసే పని (చూ. వెంట్రుక, కెరటిన్)

గడ్డపు వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీనుతో తయారవుతుంది. పొడిగా ఉన్నప్పుడు అది గట్టిగా ఉండి కత్తికి ఎదురు నిలుస్తుంది. నీటిలో నానితే కెరటిన్ గొలుసుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు సడలి వెంట్రుక మెత్తబడుతుంది. బాగా నానిన వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని పీల్చుకుని కొంత లావెక్కుతుంది. దాన్ని కోయడానికి కావలసిన బలం గణనీయంగా తగ్గుతుంది. గోరువెచ్చని నీటిలో ఇందుకు రెండు మూడు నిమిషాలు చాలు. చన్నీళ్లలోనూ నానుతుంది గానీ ఆలస్యమవుతుంది. చర్మం నుంచి ఊరే జిడ్డు వెంట్రుకకు పూతలా పట్టి నీటిని లోనికి పోనివ్వదు కాబట్టి ముందుగా ముఖం కడుక్కోవడం అవసరం.

వెంట్రుకను మెత్తబరిచేది సబ్బు అన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. నిజానికి ఆ పనిలో పెద్ద వాటా నీటిది. సబ్బు జిడ్డును కరిగిస్తుంది, దానిలోని క్షారగుణం వెంట్రుక ఉబ్బడానికి కొంత తోడ్పడుతుంది. దాని అసలు ఉపయోగం నీరు ఆవిరైపోకుండా, జారిపోకుండా ఆపడం. దీనికి తోడు చర్మానికీ కత్తి అంచుకూ మధ్య జారుడు పొరగా ఉండి ఒరిపిడిని తగ్గిస్తుంది. కత్తి నడిచిన చోటు తెల్లని నురుగు మధ్య స్పష్టంగా కనిపించడం మరొక సౌకర్యం. నురుగు ఎంత పొంగిందన్నది మంచిచెడ్డలకు కొలమానం కాదు. పొంగు ఎక్కువైతే గాలి ఎక్కువైందని మాత్రమే అర్థం. గాలి కత్తికి జారుడునివ్వదు.

రసాయన కూర్పు (చూ. సబ్బు, కొవ్వు ఆమ్లాలు)

కొవ్వు ఆమ్లాలు క్షారంతో కలిస్తే సబ్బు ఏర్పడుతుంది. ఏ ఆమ్లం, ఏ క్షారం అన్నదాన్ని బట్టి నురుగు స్వభావం మారుతుంది. గడ్డం సబ్బుల్లో ముఖ్యమైనది 18 కార్బన్ పరమాణువుల గొలుసున్న స్టియరిక్ ఆమ్లం. పామిటిక్ ఆమ్లం దానికి తోడు. ఇవి చిక్కని, సన్న బుడగల, త్వరగా విరగని నురుగునిస్తాయి. పశువుల కొవ్వులో ఇవి సమృద్ధిగా ఉండటం వల్ల ఐరోపాలో గడ్డం సబ్బుకు అదే చాలాకాలం ప్రధాన ముడిసరుకుగా ఉంది. నేడు పామాయిల్ వంటి వృక్ష సంబంధ కొవ్వుల నుంచి తీసిన స్టియరిక్ ఆమ్లాన్ని విస్తారంగా వాడుతున్నారు. కొబ్బరినూనెలో అధికంగా ఉండే లారిక్ ఆమ్లం క్షణాల్లో నురుగు తెప్పిస్తుంది. అయితే ఆ బుడగలు పెద్దవి, త్వరగా పగిలిపోతాయి, మోతాదు మించితే చర్మం పొడిబారుతుంది. అందుకే దాన్ని కొద్దిపాటిగానే కలుపుతారు. ఆలివ్ నూనెతో చేసే సబ్బు చర్మానికి మృదువైనదే అయినా, పలచని జిగట నురుగునిస్తుంది కాబట్టి ఒంటరిగా ఈ పనికి అంతగా పనికిరాదు.

క్షారాల్లో కాస్టిక్ సోడా గట్టి సబ్బును, కాస్టిక్ పొటాష్ మెత్తని, నీటిలో సులువుగా కరిగే సబ్బును ఇస్తాయి. బిళ్లగా పోసే గడ్డం సబ్బుల్లో రెండూ కలుపుతారు. క్రీముల్లో పొటాష్‌దే పైచేయి. క్రీముల్లో క్షారంతో కలవని స్టియరిక్ ఆమ్లం కొంత మిగిలి ఉండేలా చూస్తారు. క్రీములో కనిపించే ముత్యపు మెరుపుకు, నురుగు నిలకడకు అది తోడ్పడుతుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. నిజమైన సబ్బుతో చేసిన నురుగు పీహెచ్ సాధారణంగా 9, 10 మధ్య ఉంటుంది.

బుడగల నడవడి (చూ. తలతన్యత)

నీటికి తలతన్యత ఎక్కువ. అందువల్ల ఉత్త నీటిని ఎంత చిలికినా బుడగలు వెంటనే పగిలిపోతాయి. సబ్బు అణువులు నీటికీ గాలికీ మధ్య హద్దున చేరి తలతన్యతను తగ్గిస్తాయి. బుడగల మధ్య పొరల్లోని ద్రవం భూమ్యాకర్షణ వల్ల కిందికి దిగుతూ ఉంటుంది. పొర బాగా పలచబడ్డప్పుడు బుడగ పగులుతుంది. చిన్న బుడగలో పీడనం ఎక్కువ కాబట్టి అందులోని గాలి మెల్లగా పక్కనున్న పెద్ద బుడగలోకి చేరుతుంది. చిన్నవి మాయమై పెద్దవి పెరుగుతాయి. బుడగలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటే ఈ మార్పు నెమ్మదిస్తుంది. బ్రష్షును ఎక్కువసేపు తిప్పడం వల్ల నురుగు నాణ్యత పెరగడానికి కారణం ఇదే: మొదట ఏర్పడ్డ పెద్ద బుడగలు కుంచె పోగుల మధ్య నలిగి, చీలి, ఒక పరిమాణానికి వస్తాయి.

చరిత్ర

రోమన్ రచయిత పెద్ద ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలో గాల్ దేశీయులు కొవ్వు, బూడిదలతో చేసే సబ్బును ప్రస్తావించాడు. అయితే అది జుట్టుకు ఎర్ర రంగు తెప్పించడానికట. తర్వాతి శతాబ్దాల్లో ఐరోపాలో పేరుపొందిన కాస్టీల్, మార్సెయ్ సబ్బులు ఆలివ్ నూనెతో చేసినవి. గడ్డానికీ అవే, లేదా నేపుల్స్ పేరుతో అమ్మిన మెత్తని పొటాష్ సబ్బు వాడేవారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల కుంచె వాడుకలోకి వచ్చింది. ఫ్రెంచిలో గడ్డం బ్రష్షుకూ ఆ జంతువుకూ నేటికీ ఒకటే పేరు. 1769లో జాన్ జాక్ పెరె అనే కత్తుల తయారీదారు తన గడ్డం తానే గీసుకునే విధానంపై ఒక పుస్తకం ప్రకటించాడు.

సబ్బు పెద్దఎత్తున తయారు కావడానికి రెండు పరిణామాలు తోడ్పడ్డాయి. 1791లో నికొలా లెబ్లాంక్ ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. మిషెల్ షెవ్రూల్ కొవ్వుల్లోని ఆమ్లాలను విడదీసి గుర్తించి, 1823లో ఆ పరిశోధనలను గ్రంథంగా వెలువరించాడు. 1840లో అమెరికాలోని కనెక్టికట్‌లో మొదలైన విలియమ్స్ సంస్థ ప్రత్యేకంగా గడ్డం కోసమే సబ్బు తయారుచేసి అమ్మిన తొలి సంస్థల్లో ఒకటి. 19వ శతాబ్దం చివర్లో అమెరికన్ క్షౌరశాలల్లో ఖాతాదారుల పేర్లతో, వారి వృత్తుల బొమ్మలతో విడివిడి పింగాణీ కప్పులు అరల్లో వరుసగా ఉండేవి.

1901లో కింగ్ క్యాంప్ జిలెట్ తన సంస్థను స్థాపించాడు. 1904లో అతని సేఫ్టీ రేజరుకు పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ రేజర్లు లక్షల సంఖ్యలో అమెరికన్ సైనికులకు అందాయి. క్షౌరశాలలో జరిగే పని ఇంటి అద్దం ముందుకు రావడంతో, నురుగు తయారుచేసే నేర్పు కూడా వృత్తిదారుడి చేతి నుంచి సామాన్యుడికి చేరవలసి వచ్చింది. ఆ శ్రమ తప్పించే సరుకులు వెంటనే పుట్టుకొచ్చాయి. బ్రష్షు అక్కరలేని క్రీములు 1919లో బార్బసాల్, 1925లో బర్మా షేవ్ పేర్లతో వచ్చాయి. రెండోది రహదారుల పక్కన వరసగా పాతిన పద్యపు పలకల ప్రకటనలతో దశాబ్దాలపాటు ప్రసిద్ధి పొందింది. 1949లో రైజ్ పేరుతో తొలి ఏరోసాల్ నురుగు, 1970లో ఎడ్జ్ పేరుతో జెల్ బజారుకు వచ్చాయి. 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో కుంచె, గిన్నె చాలా దేశాల ఇళ్లలో మూలపడ్డాయి. ఇటలీ, టర్కీ, భారతదేశం వంటి చోట్ల మాత్రం క్షౌరశాలల పుణ్యమా అని వాడుకలోనే ఉన్నాయి.

రకాలు

గట్టి సబ్బు బిళ్ల రూపంలో గిన్నెలో లేదా డబ్బాలో ఉంటుంది. దీన్ని తడి బ్రష్షుతో అరగదీసి వాడతారు. కడ్డీ రూపంలో ఉండే స్టిక్‌ను నేరుగా తడి గడ్డం మీద రుద్ది, ఆపై కుంచె తిప్పుతారు. ప్రయాణాల్లో ఇది అనుకూలం. ట్యూబు క్రీములో ముందే నీరు కలిసి ఉంటుంది కాబట్టి నురుగు త్వరగా వస్తుంది. ఇటలీలో గట్టి సబ్బుకూ క్రీముకూ మధ్యస్థంగా, పిండిముద్దలా ఉండే మెత్తని సబ్బు వాడుక. ఆ దేశపు ప్రొరాసో, టర్కీ వారి ఆర్కో కడ్డీ అంతర్జాతీయంగా పేరున్న సరుకులు. భారతదేశంలో గోద్రెజ్ వారి గుండ్రని గడ్డం సబ్బు కొన్ని తరాలకు పరిచయం.

ఏరోసాల్ ఫోమ్‌లో నురుగును పుట్టించేది ఒత్తిడితో ద్రవంగా మార్చి డబ్బాలో ఉంచిన వాయువు. తొలుత క్లోరోఫ్లోరోకార్బన్లు వాడేవారు. ఓజోన్ పొరకు హాని చేస్తాయన్న కారణంతో 1978లో అమెరికా వాటిని ఏరోసాళ్లలో నిషేధించింది. నేడు ఐసోబ్యూటేన్, ప్రొపేన్ వంటివి వాడుతున్నారు. ఈ నురుగులో గాలి పాలు, అంటే వాయువు పాలు ఎక్కువ. వాడేవాడు నీటి మోతాదును మార్చగల వీలు లేదు. బ్రష్షు నురుగుతో పోలిస్తే దీని ప్రధాన లోపం అదే.

బ్రష్షు, గిన్నె

బ్రష్షు సబ్బును కరిగిస్తుంది, నీటిని మోస్తుంది, గాలిని చొప్పిస్తుంది, ముఖం మీద వెంట్రుకలను కదిల్చి లేపుతుంది. బ్యాడ్జర్ వెంట్రుక నీటిని బాగా పట్టి ఉంచుతుంది, మెత్తన, ఖరీదు ఎక్కువ. పంది వెంట్రుక బిరుసు. వాడకం మీద దాని కొనలు చీలి మెత్తబడతాయి కనుక కొత్తలో నురుగు సరిగ్గా రాకపోయినా కొన్ని వారాలకు దారికొస్తుంది. ఇటలీ, పోర్చుగల్ క్షౌరశాలల్లో దీనికి ఆదరణ. గుర్రపు వెంట్రుక ఈ రెంటికీ నడుమ. సింథటిక్ పోగులు నీటిని పీల్చుకోవు, త్వరగా ఆరిపోతాయి, తక్కువ సబ్బుతో నురుగునిస్తాయి. మంచి రకం సింథటిక్ కుంచెలు వచ్చాక జంతు వెంట్రుకలవే మేలన్న వాదనకు బలం తగ్గింది.

గిన్నె ఏదైనా ఫర్వాలేదు. లోపలి అడుగు కొంచెం గరుకుగా, గీతలతో ఉంటే నురుగు త్వరగా కడుతుంది. రెండు గోడల మధ్య వేడినీళ్లు పోసే పింగాణీ పాత్రలు చలి దేశాల్లో వాడతారు.

నీటి స్వభావం (చూ. కఠిన జలం)

నురుగు చెడిపోవడానికి సబ్బు కన్నా ఎక్కువసార్లు నీరే కారణం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో సబ్బు ముందుగా వాటితో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారుతుంది. ఆ లవణాలు తీరాక మిగిలిన సబ్బు మాత్రమే నురుగుకు పనికొస్తుంది. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో బోరు నీళ్లు కఠినంగా ఉండటం సాధారణం. బకెట్టు అంచుకు, కుళాయి మూతికి పట్టే తెల్లని గార దానికి గుర్తు. అటువంటి చోట ఒకే ట్యూబు క్రీము ఒక ఇంట్లో చక్కగా నురిగి, మరో ఇంట్లో పలచగా తేలిపోతుంది. నింద క్రీము మీద పడుతుంది.

కాఠిన్యం బైకార్బొనేట్ల వల్ల అయితే నీటిని మరిగించి, తేర్చి వాడుకోవచ్చు. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల అయితే మరిగించినా పోదు. ఒక గడ్డానికి కావలసిన నీరు స్వల్పమే కనుక వాననీరు గానీ, ఇంట్లో ఉన్న వడపోత యంత్రపు నీరు గానీ ఒక గ్లాసు పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. వీలు లేకపోతే సబ్బు మోతాదు పెంచడమే దారి. లోహ అయాన్లను బంధించే ఈడీటీఏ వంటి పదార్థాలను కొందరు తయారీదారులు క్రీముల్లో ముందే కలుపుతారు.

తయారీ విధానం

మొదట కుంచెను గోరువెచ్చని నీటిలో తడపాలి. పంది వెంట్రుకదైతే రెండు మూడు నిమిషాలు నానాలి, బ్యాడ్జర్‌కు ఒక నిమిషం చాలు, సింథటిక్‌ను ముంచి తీస్తే సరిపోతుంది. చేతికి చురుక్కుమనేంత వేడినీళ్లు జంతు వెంట్రుకను, కుదురులోని జిగురును పాడుచేస్తాయి. తర్వాత కుంచెను ఒకటి రెండుసార్లు విదిలించి అదనపు నీటిని వదిలించాలి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కారుతున్న కుంచెతో మొదలుపెడితే సబ్బు చిక్కబడకముందే పలచని బుడగలు పొంగి గిన్నె నిండినట్టు కనిపిస్తుంది, కానీ అందులో సరుకు ఉండదు.

గట్టి సబ్బు అయితే బిళ్ల మీద చెంచాడు నీళ్లు పోసి కొద్ది నిమిషాలు వదిలేస్తే పై పొర మెత్తబడుతుంది. ఆ నీటిని పారబోసి, కుంచెను బిళ్ల మీద 20 నుంచి 30 సెకన్లు తిప్పాలి. కుంచె కొనలకు నురుగు కాకుండా చిక్కని ముద్దలాంటి సబ్బు పట్టాలి. క్రీము అయితే సుమారు ఒక గ్రాము గిన్నెలో వేసుకుంటే చాలు.

అక్కడి నుంచి పని అంతా నీటిని విడతలుగా చేర్చడమే. కుంచెను గిన్నెలో గుండ్రంగా తిప్పుతూ, నాలుగైదు చుక్కల చొప్పున నీళ్లు వేస్తూ, ప్రతి విడత పూర్తిగా కలిసిన తర్వాతే మరో విడత చేర్చాలి. ముందుగా పాలిపోయిన ముద్దలా, తర్వాత పెద్ద బుడగలతో, చివరకు బుడగలు కంటికి కనిపించనంత సన్నబడి, చిలికిన గడ్డపెరుగులా నునుపుగా మెరుస్తూ తయారవుతుంది. ఇందుకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. మెరుపు రాకముందు ఆపితే నీరు చాలనట్టు. రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తే వేళ్లు అడ్డు లేకుండా జారాలి.

గిన్నె లేకుండా నేరుగా ముఖం మీదే నురుగు చేయడం మరో పద్ధతి. సబ్బు పట్టిన కుంచెను గడ్డం మీద గుండ్రంగా తిప్పుతూ, కొనలను మాత్రం నీటిలో ముంచుతూ పోవాలి. చివర్లో గోడకు సున్నం వేసే తీరున పైకీ కిందికీ నాలుగు దెబ్బలు వేస్తే పొర సమంగా పరుచుకుంటుంది. వెంట్రుకలు బాగా కదలడం ఈ పద్ధతిలో లాభం, సున్నితమైన చర్మం కందిపోవడం నష్టం. కుంచెను గట్టిగా అదమడం వల్ల ప్రయోజనం లేదు, పోగులు మధ్యలో విరుగుతాయి.

సబ్బునూ క్రీమునూ కలిపి చేసే మిశ్రమ నురుగు ఆసక్తిపరుల్లో ప్రచారంలో ఉంది. సబ్బు నిలకడను, క్రీము తేమను ఇస్తాయన్నది వారి మాట. కొందరు గ్లిజరిన్ చుక్కలు కూడా చేరుస్తారు. ఒక మంచి సబ్బును సరైన నీటితో వాడితే వచ్చే ఫలితం దీనికి తీసిపోదు. చేతికి పని కల్పించే సరదాగా మాత్రం దీన్ని కాదనలేం.

లోపాలు, సవరణలు

నురుగు ముద్దగా అంటుకుని, చెంప మీద అంచులు ఎండిపోతూ ఉంటే నీరు తక్కువైందని గుర్తు. కత్తి పట్టిపట్టి నడుస్తుంది. తడి వేళ్లతో చెంపను అద్ది మళ్లీ కుంచె తిప్పితే సర్దుకుంటుంది. బుడగలు కనిపిస్తూ, మెడ మీదికి కారుతూ ఉంటే నీరు ఎక్కువైంది. అప్పుడు కుంచెను పిండి తిరిగి సబ్బు పట్టించాలి. ఉత్తినే తిప్పుతూ పోతే గాలి పెరుగుతుంది తప్ప చిక్కబడదు. మొదట బాగుండి రెండో విడత గీతకు విరిగిపోతే సబ్బు మోతాదు చాలలేదు, లేదా నీరు కఠినమైనది. ఫ్యాను గాలి కింద గీసుకునేవారికి ఎండాకాలంలో నురుగు నిమిషాల్లో ఎండిపోతుంది. ముఖమంతా ఒకేసారి పూయకుండా భాగాలుగా పూసుకోవడం దానికి విరుగుడు.

తెలుగు ప్రాంతాల్లో వాడుక (చూ. క్షౌరవృత్తి; కల్యాణకట్ట)

తెలుగు పల్లెల్లో క్షౌరవృత్తిదారుని పొదిలో కత్తి, కత్తెర, గోరుగల్లు, అద్దం, నీళ్ల గిన్నె ఉండేవి. సబ్బు, కుంచె తర్వాతి చేర్పులు. గడ్డాన్ని నీటితో తడిపి, వేళ్లతో ఓపిగ్గా రుద్ది మెత్తబరిచి గీయడం పాత పద్ధతి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాల సమర్పణ నేటికీ నురుగు లేకుండానే సాగుతుంది. భక్తులు తలను నీళ్లతో బాగా తడుపుకుని కూర్చుంటే, బ్లేడు బిగించిన కత్తితో గీస్తారు. నీరు ఒక్కటే ఎంతవరకు సరిపోతుందో ఇది చూపుతుంది. తల మీద జుట్టు దట్టంగా ఉండి తడిని నిలుపుకుంటుంది, చెంప మీది పొట్టి వెంట్రుకలకు ఆ వీలు లేదు కనుక ముఖానికి నురుగు అవసరమవుతుంది.

పట్టణాల సెలూన్లలో నేడు ట్యూబు క్రీము, సింథటిక్ బ్రష్షు, నీళ్లు చిమ్మే సీసా సాధారణ సామగ్రి. సీసాతో ముందు ముఖం మీద నీళ్లు చిమ్మి, క్రీమును చెంపల మీద చుక్కలుగా పెట్టి అక్కడే నురుగు చేస్తారు. రద్దీ వేళ వెంట్రుకలను నానబెట్టే సమయానికే కోత పడుతుంది. మొదటి గీత తర్వాత మళ్లీ నురుగు పూసి ఎదురు గీత గీస్తారు. చివర్లో పటిక రుద్దడం ఆనవాయితీ. పటిక చిన్న గాట్ల నుంచి వచ్చే రక్తాన్ని ఆపుతుంది, కొంత క్రిమినాశక గుణం కూడా ఉంది.

ఆరోగ్య విషయాలు (చూ. ఆంత్రాక్స్, చర్మవ్యాధులు)

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన చవక బ్రష్షుల వల్ల బ్రిటన్, అమెరికాల్లో ఆంత్రాక్స్ కేసులు బయటపడ్డాయి. సైనికులూ పౌరులూ బాధితుల్లో ఉన్నారు. 1920లో బ్రిటన్ జపాన్ నుంచి గడ్డం బ్రష్షుల దిగుమతిని నిషేధించింది. వెంట్రుకలను శుద్ధి చేసే నిబంధనలు తర్వాత కట్టుదిట్టమయ్యాయి.

నేటి సమస్య వేరు. ఒకే కుంచెను పలువురికి వాడితే గడ్డపు తామర, వెంట్రుక కుదుళ్ల వాపు వంటివి ఒకరి నుంచి మరొకరికి సోకవచ్చు. బ్లేడు మార్చారా లేదా అని గమనించే ఖాతాదారులు కుంచె సంగతి పట్టించుకోవడం అరుదు. రక్తం ద్వారా సోకే హెపటైటిస్, హెచ్‌ఐవీ ముప్పు దృష్ట్యా ప్రతి ఒక్కరికీ కొత్త బ్లేడు తప్పనిసరి. కుంచెను ఎప్పటికప్పుడు సబ్బు పోయేదాకా కడిగి, క్రిమినాశక ద్రావణంలో ముంచి, పూర్తిగా ఆరనివ్వాలి. సొంతానికి వాడుకునే బ్రష్షునైనా మూత ఉన్న డబ్బాలో తడిగా పెట్టకూడదు. కుదురులో మిగిలిన సబ్బు, తేమ కలిసి బూజుకు చోటిస్తాయి, పోగులు రాలడం మొదలవుతుంది. సబ్బు క్షారగుణం పడనివారికి, మొటిమలు ఉన్నవారికి పరిమళం లేని, సబ్బు కాని క్రీములు దొరుకుతున్నాయి. వాటిలో నురుగు తక్కువ, జారుడు మాత్రం సరిపడా ఉంటుంది.